మైదానంలో గెలిచి, కాగితం మీద ఓడిన బడిపిల్లాడు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో మా సంఘం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న మనం డోలు కొడతాం, కొమ్ము బూర ఊదుతాం, ధింసా ఆడతాం. కొమురం భీంను, మన పోరాట వీరులను తలుచుకుంటాం. ఈసారి కూడా అవన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఒక ఆటగాడి గురించి కూడా మీతో మాట్లాడాలని మా సంఘం పెద్దలమంతా కూర్చుని నిర్ణయించుకున్నాం. ఆయన మన దేశస్థుడు కాదు. అమెరికా ఆదివాసి. వందేళ్ల కిందట మన ఆశ్రమ పాఠశాలలాంటి బడిలో చదివినవాడు. పేరు జిమ్ థోర్ప్.

ఎందుకు ఆయన్నే ఎంచుకున్నామో ముందు చెప్పాలి. కొంతకాలం కిందట ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి మా దగ్గరికి వచ్చింది. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. 800 మీటర్లు పరిగెత్తుతుంది, లాంగ్ జంప్ చేస్తుంది, కబడ్డీలో రైడింగ్‌కు వెళ్తే ఉత్త చేతులతో తిరిగి రాదు. జిల్లా స్థాయిలో గెలిచింది. పై స్థాయి ఎంపికకు వెళ్తే, ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, బడి రిజిస్టర్‌లో ఇంకో పుట్టిన తేదీ ఉందని వెనక్కి పంపారు. ఆ రెండు తేదీలూ రాసింది ఆమె కాదు. ఒకటి అంగన్‌వాడీ నుంచి వచ్చింది, ఇంకొకటి బడిలో చేర్చిన రోజు సారు అంచనా వేసి రాసింది. ఆ అమ్మాయి ఏడవలేదు. "నేను చేసిన తప్పేంది అన్నా?" అని మాత్రం అడిగింది. మేము జవాబు చెప్పలేకపోయాం. ఆ ప్రశ్నే ఈ ప్రసంగానికి మూలం. జిమ్ థోర్ప్ కూడా సరిగ్గా ఆ ప్రశ్న అడగాల్సి వచ్చినవాడే.

జిమ్ పుట్టింది ఈనాటి ఓక్లహోమా రాష్ట్రంలో. అప్పటికి అది రాష్ట్రం కాలేదు, ఇండియన్ టెరిటరీ అనేవారు. తూర్పు నుంచి తరిమేసిన ఆదివాసీ జాతులను తెచ్చి పడేసిన నేల అది. అతనిది సాక్ అండ్ ఫాక్స్ జాతి. తల్లి వైపు పొటవాటమీ రక్తం కూడా ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వాథోహక్. మెరుపు వెలుగు పడిన దారి అని ఆ మాటకు అర్థం చెబుతారు. పుట్టిన ఏడాది 1887 అని చర్చి బాప్తిస్మం రికార్డు చెబుతుంది. తాను మాత్రం 1888లో పుట్టానని చెప్పుకునేవాడు. చూశారా, పుట్టిన తేదీ గొడవ మన గూడేలకే కాదు, అక్కడా ఉంది.

అతనికి చార్లీ అని కవల తమ్ముడు ఉండేవాడు. తొమ్మిదేళ్ల వయసులో జబ్బు చేసి పోయాడు. ఆ తర్వాత జిమ్‌కు బడి మీద మనసు నిలవలేదు. హాస్టల్ నుంచి పారిపోయి వచ్చేవాడు. తండ్రి మళ్లీ తీసుకెళ్లి దింపేవాడు. మనలో హాస్టల్ గోడ దూకి ఇంటికి నడిచొచ్చిన వాళ్లు లేరా? మా కమిటీలోనే ముగ్గురున్నారు. కొన్నేళ్లకు తల్లి పోయింది. తర్వాత తండ్రి కూడా పోయాడు. పదిహేడేళ్లకల్లా అనాథ అయ్యాడు.

1904లో అతన్ని పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్‌లో చేర్చారు. ఈ బడి గురించి మీకు తెలియాలి. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనిక అధికారి, పాత సైనిక బారకాసుల్లో దాన్ని మొదలుపెట్టాడు. ఆదివాసీ పిల్లలను వందల మైళ్ల దూరం నుంచి రైలెక్కించి తెచ్చేవారు. రాగానే జుట్టు కత్తిరించేవారు. సొంత బట్టలు తీసేసి యూనిఫాం తొడిగేవారు. పేరు మార్చేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. పిల్లవాడిలోని ఆదివాసిని తుడిచేస్తేనే మనిషి మిగులుతాడని ప్రాట్ బహిరంగంగానే చెప్పేవాడు. సగం రోజు చదువు, సగం రోజు పని. మధ్యలో చుట్టుపక్కల రైతుల ఇళ్లకు, పొలాలకు పనికి పంపేవారు. 1918లో ఆ బడి మూతపడింది. అక్కడే జబ్బులతో చనిపోయిన పిల్లల సమాధులు 180కి పైగా ఉన్నాయి. 2017 నుంచి కొన్ని జాతులవాళ్లు తమ పిల్లల అవశేషాలను ఇంటికి తెచ్చుకుంటున్నారు. 2024 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు ఇలాంటి బడుల విషయంలో ఆదివాసీలకు క్షమాపణ చెప్పారు.

మన ఆశ్రమ పాఠశాలలు కార్లైల్ లాంటివి కావు. ఆ మాట గట్టిగానే చెప్పాలి. ఇక్కడ ఇంత మందిమి నాలుగు అక్షరాలు నేర్చుకుని నిలబడ్డామంటే ఆ పాఠశాలల పుణ్యమే. కానీ మన మాట మాట్లాడితే తోటి పిల్లలు నవ్విన రోజులు, పలకడం రాక మన ఇంటిపేరు మార్చి రాసిన రిజిస్టర్లు మాకు గుర్తున్నాయి. అందుకే కార్లైల్ కథ చదువుతుంటే మాకు అది పరాయి కథ అనిపించలేదు.

ఇక ఆట సంగతికి వద్దాం. 1907లో ఒకరోజు జిమ్ మైదానం పక్కగా వెళ్తున్నాడు. బడి జట్టు పిల్లలు హై జంప్ సాధన చేస్తున్నారు. బార్ 5 అడుగుల 9 అంగుళాల ఎత్తులో ఉంది. ఎవరూ దాటలేకపోతున్నారు. ఒంటి మీద పనిబట్టలతోనే జిమ్ పరిగెత్తుకొచ్చి దాటేశాడు. మర్నాడు కోచ్ పాప్ వార్నర్ పిలిపించి జట్టులో చేర్చుకున్నాడు. అతని ఆటల జీవితం అలా మొదలైందని అందరూ చెప్పుకుంటారు.

తర్వాత ఐదేళ్లలో అతను ఆడని ఆట లేదన్నట్టు సాగింది. అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, లాక్రోస్, పరుగులు, దూకుళ్లు, విసురుళ్లు అన్నింట్లో బడి తరఫున దిగాడు. లాక్రోస్ అమెరికా ఆదివాసీలు పుట్టించిన ఆటే. 1912లో కాలేజీల మధ్య జరిగిన బాల్‌రూమ్ డాన్స్ పోటీలో కూడా గెలిచాడు. మన ధింసా ఆడే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అడుగు తూకం తెలిసినవాడికి అది మైదానంలోనూ పనికొస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కార్లైల్ పేరుకు పెద్ద పెద్ద కాలేజీలతో ఆడేది. చదువు మాత్రం హైస్కూలు స్థాయి దాటేది కాదు. అలాంటి బడి జట్టు 1911 నవంబరులో హార్వర్డ్ విశ్వవిద్యాలయం జట్టును వాళ్ల మైదానంలోనే 18-15 తేడాతో ఓడించింది. జిమ్ కాలు దెబ్బతిని ఉంది. ఆ కాలితోనే నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, ఒక టచ్‌డౌన్ చేశాడు. కార్లైల్ పాయింట్లన్నీ దాదాపు అతనొక్కడివే. మరుసటి ఏడాది, 1912 నవంబరులో, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ జట్టును 27-6తో ఓడించారు. ఆదివాసీల మీద యుద్ధాలు చేసిన సైన్యానికి అధికారులను తయారుచేసే అకాడమీ అది. ఆ రోజు ఎదుటి జట్టులో ఆడిన ఒక కుర్రాడి పేరు డ్వైట్ ఐసెన్‌హోవర్. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడయ్యాడు.

ఈ రెండు మ్యాచ్‌ల మధ్యలో, 1912 జూలైలో, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఒలింపిక్స్ జరిగాయి. జిమ్ రెండు పెద్ద పోటీలకు దిగాడు. మొదటిది పెంటాథ్లాన్. లాంగ్ జంప్, జావెలిన్, 200 మీటర్లు, డిస్కస్, 1500 మీటర్లు, మొత్తం ఐదు అంశాలు. ఐదింటిలో నాలుగింటిలో మొదటివాడు, జావెలిన్‌లో మూడోవాడు. రెండోది డెకాథ్లాన్. మూడు రోజుల్లో పది అంశాలు. ఆ రూపంలో డెకాథ్లాన్‌ను ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. జిమ్ 8,412 పాయింట్లు సాధించాడు. రెండో స్థానంలో ఉన్న స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్‌లాండర్‌కు 7,724. అంటే 688 పాయింట్ల తేడా. పది అంశాల్లో దేనిలోనూ జిమ్ నాలుగో స్థానం కిందికి జారలేదు. ఆఖరి అంశం 1500 మీటర్లు. మూడు రోజుల అలసట మీద దాన్ని 4 నిమిషాల 40.1 సెకన్లలో ముగించి అందులోనూ మొదటివాడిగా నిలిచాడు. ఇవి చాలవన్నట్టు విడిగా హై జంప్‌లో నాలుగో స్థానం, లాంగ్ జంప్‌లో ఏడో స్థానం.

ఆ పోటీల్లో తీసిన ఒక ఫోటో మీరు ఫోన్లలో చూసే ఉంటారు. జిమ్ రెండు కాళ్లకు రెండు వేర్వేరు బూట్లు ఉంటాయి. అతని బూట్లు ఎవరో ఎత్తుకెళితే దొరికిన రెండింటిని తొడుక్కుని, పెద్దదిగా ఉన్నదానికి లోపల ఎక్కువ మేజోళ్లు వేసుకుని దిగాడని చెబుతారు.

అదే ఒలింపిక్స్‌లో, అదే కార్లైల్ బడి నుంచి వెళ్లిన హోపీ జాతి ఆదివాసి లూయిస్ టెవానిమా 10,000 మీటర్ల పరుగులో రజతం గెలిచాడు. తర్వాత 52 ఏళ్లకు, 1964 టోక్యోలో, లకోటా జాతికి చెందిన బిల్లీ మిల్స్ అదే పరుగులో స్వర్ణం గెలిచాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ కాసేపు ఆగుదాం. జిమ్ గెలిచినప్పుడు పత్రికలు ఏం రాశాయో తెలుసా? ఆదివాసి కాబట్టి పుట్టుకతోనే ఆ బలం వచ్చిందన్నారు. స్టాక్‌హోమ్‌కు ఓడలో వెళ్తున్నప్పుడు మిగతావాళ్లు సాధన చేస్తుంటే జిమ్ నిద్రపోయాడని రాశారు. అతనితో ఓడలో వెళ్లిన ఆటగాళ్లే తర్వాత ఆ మాట కొట్టిపారేశారు. ఓడ మీద వేసిన ట్రాక్ మీద తమతో పాటు జిమ్ కూడా పరిగెత్తేవాడని చెప్పారు.

మనకూ ఈ మాట వినపడుతుంది. "మీ అడవోళ్లకు పరుగు రక్తంలోనే ఉంటది" అంటారు. పొగడ్తలాగే ఉంటుంది. కానీ దాని అర్థం ఏమిటి? నువ్వు తెల్లారి నాలుగింటికి లేచి పరిగెత్తిన పరుగు లెక్కలోకి రాదని. నీ తెలివి, నీ ఓర్పు, నీ పట్టుదల లెక్కలోకి రావని. చిన్నప్పటి నుంచి వాగులు దాటి, గట్లెక్కి తిరగడం వల్ల కాళ్లకు సత్తువ వస్తుంది, నిజమే. జిమ్‌కు కూడా గుర్రాల వెంట, వేట వెంట తిరిగిన బాల్యం ఉంది. కానీ పోల్ వాల్ట్, హర్డిల్స్ ఏ అడవీ నేర్పదు. చూసి, అడిగి, వందసార్లు పడి నేర్చుకోవాలి. జిమ్ అలాగే నేర్చుకున్నాడు. ఎవరైనా రక్తం మాట ఎత్తితే, "మా రక్తం సంగతి సరే, మా సాధన చూడండి" అని చెప్పండి.

ఇక కథలో కష్టమైన భాగం. 1913 జనవరిలో ఒక పత్రిక వార్త వేసింది. జిమ్ 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలైనాలో చిన్నస్థాయి లీగ్‌లో డబ్బులు తీసుకుని బేస్‌బాల్ ఆడాడన్నది ఆ వార్త. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌లో ఆడేవాళ్లు ఆట మీద ఒక్క పైసా సంపాదించి ఉండకూడదు. దాన్ని అమెచ్యూర్ నియమం అనేవారు. ఉన్నవాళ్లకు ఆ నియమంతో ఇబ్బంది లేదు. వేసవి సెలవుల్లో పొలం పనికి పోవాలా, బేస్‌బాల్ ఆడి తిండికి, బసకు సరిపడా సంపాదించుకోవాలా అని ఆలోచించే పిల్లవాడికే అది ఉరితాడు.

ఆ లీగుల్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఆడేవారు. దొరక్కుండా మారుపేర్లు పెట్టుకునేవారు. జిమ్ తన సొంత పేరుతోనే ఆడాడు. దాచాల్సిన పని అతనికి కనిపించలేదు.

అతను అమెచ్యూర్ సంఘానికి ఉత్తరం రాశాడు. తాను ఆడింది నిజమేనని ఒప్పుకున్నాడు. తాను ఒక ఆదివాసీ బడిపిల్లాడినని, ఇవన్నీ తనకు తెలియవని, ఆట మీద ఇష్టంతోనే ఆడానని, క్షమించమని ప్రాధేయపడ్డాడు. ఆ ఉత్తరం రాయించడంలో కోచ్ వార్నర్ చెయ్యి ఉందని చరిత్రకారులు చాలామంది నమ్ముతారు. జిమ్ వేసవుల్లో ఎక్కడున్నాడో కోచ్‌కు తెలియకుండా ఉండే అవకాశం తక్కువ. అయినా బడి పెద్దలు, క్రీడా సంఘం పెద్దలు ఎవరూ ముందుకు వచ్చి "మాకు తెలుసు" అనలేదు. నేరం అంతా కుర్రాడి మీదికి పోయింది. పతకాలు వెనక్కి తీసుకున్నారు. రికార్డుల్లో పేరు కొట్టేశారు.

ఇంకో సంగతి వినండి. 1912 ఒలింపిక్స్ నియమాల పుస్తకంలో ఒక నిబంధన ఉంది. ఆటగాడి అర్హత మీద అభ్యంతరం ఉంటే పోటీలు ముగిసిన 30 రోజుల్లోగా చెప్పాలి. పత్రికలో వార్త వచ్చింది దాదాపు ఆరు నెలలకు. అంటే ఆ నియమం ప్రకారమే పతకాలు తీసుకునే హక్కు వాళ్లకు లేదు. నియమం పేరుతో శిక్షించినవాళ్లే నియమం తప్పారు. ఆ మాట గట్టిగా అడగడానికి జిమ్ వైపు ఆ రోజు ఒక్కరూ లేరు.

ఆ తర్వాత కూడా జిమ్ ఆట ఆపలేదు. న్యూయార్క్ జెయింట్స్‌తో మొదలుపెట్టి 1919 వరకు మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆడాడు. క్యాంటన్ బుల్‌డాగ్స్ తరఫున ఫుట్‌బాల్ ఆడాడు. నేడు ఎన్‌ఎఫ్‌ఎల్ అని పిలిచే సంస్థ 1920లో పుట్టినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. 1922, 1923లో ఆటగాళ్లంతా ఆదివాసీలే ఉన్న ఊరాంగ్ ఇండియన్స్ జట్టును నడిపాడు. వయసు మీద పడ్డాక మాత్రం బతుకు కష్టమైంది. తవ్వకం కూలీకి పోయాడు, సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. 1950లో అసోసియేటెడ్ ప్రెస్ నిర్వహించిన ఓటింగులో పాత్రికేయులు ఆ అర్ధ శతాబ్దపు అత్యుత్తమ అథ్లెట్‌గా ఆయన్నే ఎన్నుకున్నారు. 1953 మార్చి 28న చనిపోయే నాటికి చేతిలో డబ్బు లేదు, పతకాలు లేవు.

పోరాటం మాత్రం ఆగలేదు. ఆయన పిల్లలు, అభిమానులు దశాబ్దాల తరబడి అర్జీలు పెట్టారు. ఫ్లోరెన్స్ రిడ్లన్ అనే పరిశోధకురాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో గాలించి 1912 నియమాల పుస్తకాన్ని బయటికి తీశారు. ఆ 30 రోజుల నిబంధన అందులో అచ్చులో ఉంది. 1982లో ఒలింపిక్ కమిటీ దిగివచ్చింది. 1983 జనవరిలో పతకాల నకళ్లు పిల్లల చేతికి ఇచ్చారు. కానీ అప్పుడు కూడా ఆయన్ను సహ విజేతగా మాత్రమే రాశారు. 2022 జూలై 15న, స్టాక్‌హోమ్ డెకాథ్లాన్ ముగిసి సరిగ్గా 110 ఏళ్లు నిండిన రోజున, ఏకైక విజేత ఆయనేనని ప్రకటించారు. 2024లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ కూడా ప్రకటించారు.

రెండో స్థానంలో నిలిచిన వీస్‌లాండర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. జిమ్ పతకం ఆయనకు ఇచ్చారు. కానీ ఆ గెలుపు తనదని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదని కుటుంబం, స్వీడన్ ఒలింపిక్ కమిటీ చెప్పారు. మైదానంలో ఎవరు గెలిచారో పక్కన పరిగెత్తినవాడికి తెలుసు.

జిమ్‌కు వచ్చిన న్యాయం ఆయన చనిపోయిన 69 ఏళ్లకు పూర్తయింది. ఆయన చూడలేదు. మన పిల్లలకు అలాంటి న్యాయం వద్దు. బతికుండగా, ఆడే వయసులో ఉండగా కావాలి. అందుకే ఇప్పుడు మీతో నాలుగు పనిమాటలు.

మొదటిది, కాగితాలు. జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టర్, కుల ధ్రువపత్రం ఈ నాలుగింటిలో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయా లేదా ఈ వారమే చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించుకోండి. ఎంపికల ముందు రోజు పరిగెత్తితే ఏ ఆఫీసులోనూ పని కాదు. గెలిచిన ప్రతి సర్టిఫికెట్‌ను ఫోటో తీసి మూడు చోట్ల దాచండి. వర్షానికి తడిసి, చెదలు తిని పోయిన సర్టిఫికెట్లు మేము చాలా చూశాం.

రెండోది, వయసు తగ్గించి రాయిద్దామని ఎవరైనా చెబితే, చెప్పినవాళ్లు సొంత కోచ్ అయినా సరే, వద్దనండి. ఇప్పుడు ఎముకల పరీక్షలు చేస్తారు. దొరికితే పేరు పోయేది పిల్లలదే. జిమ్ కోచ్‌లాగే ఆ రోజు వాళ్లు పక్కకు తప్పుకుంటారు.

మూడోది, ఆ రోజుల్లో అమెచ్యూర్ నియమం ఎలాంటిదో ఈ రోజుల్లో డోపింగ్ నియమం అలాంటిది. అమెచ్యూర్ నియమం ఎప్పుడో పోయింది, 1992 నాటికి అమెరికా బాస్కెట్‌బాల్ కోటీశ్వరులే ఒలింపిక్స్‌లో ఆడారు. డోపింగ్ నియమం మాత్రం మీ మీదే ఉంది. ఒంట్లో నిషేధిత మందు కనిపిస్తే, తెలియక వేసుకున్నానంటే ఊరికే వదలరు. జలుబుకని మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర కావచ్చు, బలానికని జిమ్‌లో అంటగట్టిన పొడి కావచ్చు. పోటీలకు వెళ్లేవాళ్లు డాక్టరుతో ముందే "నేను ఆటగాణ్ని" అని చెప్పండి. మీ ఆట నియమాల పుస్తకం తెచ్చుకుని చదవండి. ఇంగ్లిష్ అర్థం కాకపోతే మా దగ్గరికి తీసుకురండి, కూర్చుని చదివి చెబుతాం.

నాలుగోది, ఒక్క ఆటకే కట్టుబడిపోయే తొందర వద్దు. ఎనిమిదో తరగతి పిల్లను పట్టుకుని "నువ్వు ఈ ఒక్కటే ఆడాలి" అని పీటీ సార్లు కానీ, తల్లిదండ్రులు కానీ అనకండి. జిమ్ బంతి తన్నిన కాలితోనే దూకాడు, విసిరిన చేత్తోనే పట్టాడు. పరుగు కబడ్డీకి సాయం, కబడ్డీ దూకుడుకు సాయం. హైస్కూలు దాటేదాకా అన్నీ ఆడనివ్వండి.

మనకు దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఛోటానాగ్‌పూర్ ఆదివాసి. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు స్వర్ణం గెలిచింది. ఆయన మైదానంతో ఆగలేదు. రాజ్యాంగ సభలో కూర్చుని 1946 డిసెంబరులో ఆదివాసీల తరఫున గొంతెత్తారు. నియమాలు రాసే బల్ల దగ్గరికే వెళ్లి కూర్చున్నారు. ఇక మన మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం అమ్మాయి, గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండ మీద ఎక్కడం నేర్చుకుని 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. రెండో శిఖరం, మూడో శిఖరం ఎక్కాల్సింది మీరే.

ఇక చివరి మాట మాలాంటి పెద్దలకు. జిమ్ ఓడింది మైదానంలో కాదు. తెలిసినవాళ్లు నోరు మూసుకున్నందుకు ఓడాడు. పిల్లలు గెలిచిన రోజు శాలువా కప్పి ఫోటో దిగడం సులువు. వాళ్లను వెనక్కి పంపిన రోజు ఆఫీసు మెట్ల మీద వాళ్ల పక్కన కూర్చోవాలి. మొదట చెప్పిన ఆ అమ్మాయి కాగితాలు సరిచేయించడానికి మాకు ఐదు నెలలు పట్టింది. ఆ ఏడాది పోటీలు అయిపోయాయి. ఆ ఏడాదిని మేము తిరిగి ఇవ్వలేం. ఇప్పుడు ఆమె పదో తరగతి. ఇక్కడే, మూడో వరుసలో కూర్చుంది. వచ్చే ఎంపికలకు మా కమిటీ నుంచి ఇద్దరం ఆమె వెంట వెళ్తున్నాం, ఫైలు మా చేతిలోనే ఉంటుంది. ఆమె చేతులు ఆటకు ఖాళీగా ఉండాలి.

చెల్లీ, ఆ రోజు నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెబుతున్నాం. నువ్వు చేసిన తప్పేమీ లేదు. తప్పు మాది, ముందే చూసుకోనందుకు. ఇక నుంచి ఏటా బడులు తెరిచిన నెలలో, ప్రతి గూడెంలో, ప్రతి తండాలో మన ఆడే పిల్లల కాగితాలు మా సంఘమే కూర్చుని సరిచూస్తుంది. ఈ పనికి చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కావాలి. సభ అయ్యాక పేర్లు ఇచ్చి వెళ్లండి.

 జై ఆదివాసీ!